కూర్చున్న ఎముక

సిక్స్‌టెన్ కింది దవడలో, ఎడమవైపు,
రెండు పళ్లు పోయి పదకొండేళ్లు.
ఒకటి పుచ్చి పోయింది.
రెండోది దానికి తోడు పోయింది.
కుడివైపు నమలడం నేర్చుకున్నాడు.
ఎవరికీ చెప్పలేదు. నాలుకకి తెలుసు.
రోజూ రాత్రి లైటు ఆర్పాక
ఆ ఖాళీ దాకా వెళ్లి తడిమి వచ్చేది,
తాళం వేశామో లేదో చూసి వచ్చే ఇల్లాలిలా.

గోథెన్‌బర్గ్‌లో, నది ఒడ్డున,
ఓడలు కట్టే యార్డులో
పదమూడేళ్లు ఇనుప రేకులు అతికాడు.
యార్డు మూశాక ట్రాము పట్టాలు అతికాడు.
ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు, కాఫీ దుకాణాలు,
పొద్దున్నే పరుగెత్తే కుర్రాళ్లు.
పెద్ద క్రేన్ ఒక్కటి మిగిలింది.
నలభై ఏళ్లుగా అది ఏమీ ఎత్తలేదు.
అయినా నిటారుగానే ఉంది.

డాక్టర్ మహ్‌నాజ్ తెరమీద అతని దవడ చూపించింది.
బూడిదరంగు గట్టు, నడుమ పల్లం,
చెంచాతో తోడేసిన పెరుగు గిన్నెలా.
“ఇక్కడి దాకా ఉండేది,” అంది
పెన్సిల్ కొనతో గాల్లో గీత గీస్తూ.
“ఎవరు తీసుకెళ్లారు?”
“మీ ఒళ్లే.
పన్ను ఉన్నన్నాళ్లూ ప్రతి ముద్దా
వేరు గుండా దిగి ఎముకని తట్టేది,
లే, పని ఉంది, అని.
ఆ తట్టడం ఆగింది.
పని లేనివాడికి ఒళ్లు కూలి ఇవ్వదు.
పోయినదాంట్లో ఎక్కువ మొదటి ఏడాదే పోయుంటుంది.”

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి.
కుడివైపు తిన్నాడు,
ఎడమవైపు ఎముక కూర్చుంది.
కొండ కరిగింది.

కిటికీలోంచి క్రేన్ కనిపిస్తోంది.
ఇనుముకి ఆ బాధ లేదు.
మోయకపోయినా ఇనుము ఇనుమే.
ఎముక మోస్తేనే ఉంటుంది.

“బ్రిడ్జి కడితే?”
“కట్టొచ్చు. పక్క పళ్లు అరగదీయాలి.
పైన రాకపోకలు బాగానే సాగుతాయి.
కిందున్న ఎముకకి మాత్రం
ఎవరి అడుగూ వినబడదు.”
“మరి మేకు దిగ్గొడితే?”
“మేకు కాదు, మర. టైటానియం.”

ఆ మాటకి అతని ముఖం మారింది.
టైటానియం తెలుసు అతనికి.
గాలి సోకితే చాలు పాడయ్యే లోహం,
ఆర్గాన్ దుప్పటి కప్పి బతిమాలితే తప్ప
మాట వినదు, అలిగిన పెళ్లికొడుకులా.
“అదీ, ఎముకా? మంట లేకుండా?”
“మంట లేకుండానే. మూడు నెలలు.
అతికేది మీరూ కాదు, నేనూ కాదు.”

పడవ మోటారు అమ్మాడు.
గున్‌వోర్ ఏమీ అనలేదు,
అటక మీంచి తెడ్లు దించి తుడిచి పెట్టింది.

ఆ చలికాలమంతా ఓట్స్ జావ, ఉడికించిన చేప.
చిగురు కింద, ఎవరూ చూడని చీకట్లో,
యార్డు మళ్లీ తెరుస్తున్నారట అన్న కబురు విని
పాత పనివాళ్లు ఒక్కొక్కరే
గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డట్టు,
ఎముక వచ్చింది. మర అంచుల్ని పట్టుకుంది.

ఏప్రిల్‌లో ఆమె పనిముట్టు పిడితో
ఆ రెండు మరల్నీ తట్టింది.
ఖంగుమన్నాయి.
ఆమె నోరు తెరిచేలోపే అతనన్నాడు,
“అతికింది. రేకు వెనక గాలి ఉంటే
డబ్బుమంటుంది. ఇది అనలేదు.”

పోయిన గట్టు తిరిగి రాలేదు.
ఆమె ముందే చెప్పింది:
ఇవి ఉన్నదాన్ని నిలబెడతాయి,
పోయినదాన్ని పిలుచుకు రావు.
బ్రష్ మానేస్తే ఆ నిలబెట్టడమూ ఉండదు.

జూన్‌లో మరల మీద పళ్లు బిగించారు.
ఆ సాయంత్రం చెక్కలాంటి రై రొట్టె మీద
చేపగుడ్ల ముద్ద దట్టంగా రాసి
ఎడమవైపు పెట్టుకుని కొరికాడు.
ఫెళ్లుమంది.
గున్‌వోర్ పేపర్లోంచి తలెత్తింది.
పాత పన్నులా లేదు. వేరు చుట్టూ ఉండే
ఆ సన్నటి మెత్తదనం లేదు.
ఎక్కడో లోతున, చెవికి దగ్గరగా,
ఒక తట్టు.
లే, పని ఉంది.

రాత్రి లైటు ఆర్పాక
నాలుక మళ్లీ బయలుదేరింది. అలవాటు.
తలుపు వేసే ఉంది.
అయినా ఒకసారి గడియ లాగి చూసి
వెనక్కి వచ్చి పడుకుంది.